జపానులో మా మక్తబ్

సాయంత్రం అయిదు గంటలకు మేముండే పట్టణంలో స్తంభాల మీది లౌడుస్పీకర్లన్నీ ఒక్కసారిగా మోగుతాయి. వచ్చిన మొదటిరోజు ఆ గరగర వినగానే మేము చేతిలోని పుస్తకం మూసి వుజూకు లేచాము. స్తంభం మీద లౌడుస్పీకరు గరగరలాడితే దాని వెనుక అజాన్ వస్తుందన్నది మా జీవితకాలపు అలవాటు. అజాన్ రాలేదు. పిల్లల పాట ఒకటి, మాటలు లేకుండా రాగం మాత్రమే, వీధుల మీదుగా సన్నగా సాగిపోయింది. భూకంపాలు, తుఫానులు వచ్చినప్పుడు జనాన్ని హెచ్చరించడానికి పురపాలక సంఘం అమర్చిన యంత్రాలవి. పనిచేస్తున్నాయో లేదో రోజూ మోగించి చూసుకుంటారు. ఆ మీదట, ఆడుకునే పిల్లలకు ఇంటికి వెళ్ళే వేళయిందని తెలియజేసినట్లూ అవుతుంది.

మా పిల్లలు మాత్రం ఆ రాగం విని ఇంటికి పోరు, మా దగ్గరకు వస్తారు. చలికాలంలో అది నాలుగున్నరకే మోగుతుంది. డిసెంబరులో ఇక్కడ సూర్యుడు అస్తమించేదీ దాదాపు ఆ వేళకే. కనుక కొన్ని వారాలపాటు బయట వారి రాగం, లోపల మా మగ్రిబ్ అజాన్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మా అజాన్ మసీదు గోడలు దాటదు. దాటించాలని ఎవరూ ప్రయత్నించలేదు కూడా.

గున్మా అనే ఈ ప్రాంతానికి సముద్రం లేదు. టోక్యో నుండి రైలులో రెండు గంటల లోపు ప్రయాణం. చలికాలమంతా ఉత్తరపు కొండల మీది నుండి ఎండుగాలి కోస్తుంది. దానికి ఇక్కడివారు 'కరక్కజే' అని పేరు పెట్టుకున్నారు. వేసవి ఎండ మా ప్రకాశం జిల్లాను మరచిపోనివ్వదు. పూర్వం ఇక్కడ పట్టుపురుగుల పెంపకం ముమ్మరంగా సాగేది. 1872లో ప్రభుత్వం తొమియోకాలో నెలకొల్పిన పట్టుమిల్లును నేడు జనం టిక్కెట్టు కొని చూసివస్తారు. పట్టు వెనుకబడి కార్ల విడిభాగాల కర్మాగారాలు వచ్చాయి. 1980ల చివర ఆ పనులకు పాకిస్తాన్, బంగ్లాదేశ్‌ల నుండి యువకులు వచ్చారు. ఆ రెండు దేశాలవారికి అప్పట్లో వీసా లేకుండానే ప్రవేశముండేది; 1989లో ఆ వెసులుబాటు ఆగిపోయింది. అప్పటికే వచ్చినవారిలో కొందరు నిలదొక్కుకున్నారు. ఇక్కడి స్త్రీలను నికాహ్ చేసుకున్నారు, పాత కార్ల ఎగుమతి వ్యాపారం పట్టుకున్నారు, చందాలు పోగుచేసి మసీదులు ఏర్పాటు చేసుకున్నారు. పాఠకులు గుంబదును, మీనారును ఊహించుకోవద్దు. మాది ఒకప్పుడు సామాను అమ్మిన రెండంతస్తుల దుకాణం. కింద నమాజు, పైన మక్తబ్. ఖిబ్లా పడమరకు కొంత ఉత్తరంగా పడుతుంది గనుక గోడలకు ఏటవాలుగా, తివాచీ మీద అంటించిన టేపు గీతల వెంట సఫ్‌లు కడతాము.

జపానుకు పాఠం చెప్పడానికి వచ్చిన హిందూస్థానీ ముస్లింలలో మేము మొదటివారమేమీ కాదు. భోపాల్‌కు చెందిన మౌల్వీ బర్కతుల్లా 1909లో టోక్యోలోని విదేశీ భాషల పాఠశాలకు ఉర్దూ బోధించడానికి వచ్చారు. పాఠాలతో ఊరుకోక 'ఇస్లామిక్ ఫ్రాటర్నిటీ' అనే ఆంగ్ల పత్రిక నడిపారు. అది ఆంగ్లేయులకు కంటగింపయింది. పత్రిక ఆగింది, 1914లో ఉద్యోగమూ పోయింది. మరుసటి ఏడు కాబూల్‌లో ఏర్పడిన ప్రవాస భారత ప్రభుత్వానికి ఆయనే ప్రధానమంత్రి. 1927లో అమెరికాలో కన్నుమూశారు. ఖబర్ కూడా అక్కడే, శాక్రమెంటో నగరంలో ఉన్నది. ఆయన పేరు స్వాతంత్ర్య చరిత్రలో చదివినదే. అయితే ఆయన కూడా ఒక తరగతి గదిలో నిలబడి జపాను విద్యార్థుల నోట 'లాం' అక్షరం పలికించడానికి తంటాలు పడి ఉంటారన్న సంగతి మాకు ఇక్కడికి వచ్చాకనే తట్టింది.

ఎందుకంటే జపాను భాషలో 'ర'కు, 'ల'కు భేదం లేదు. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఒక్క 'న్' తప్ప మరే హల్లుతోనూ మాట ముగియడాన్ని ఆ నాలుక ఒప్పుకోదు. బస్సు వారికీ 'బసు'. క్లాసు 'కురాసు', టెస్టు 'తెసుతో', ఇస్లాం 'ఇసురాము'. మా మక్తబ్‌లోని పిల్లల తండ్రులు ఏ దేశంవారైనా పిల్లలు పుట్టింది ఇక్కడ, చదివేది ఇక్కడి బడిలో, తమలో తాము మాట్లాడుకునేది జపాను భాషలో. సూరహ్ ఇఖ్లాస్ మొదటి ఆయతు చివర 'అహద్' అనవలసిన చోట వారు 'అహదో' అంటారు.

తోటి ఉస్తాద్ ఒకరు దీనిని పిల్లల నిర్లక్ష్యమని అనుకునేవారు. మేము అనుకోలేకపోయాము. తెలుగు తప్ప మరో మాట వినబడని పల్లె నుండి పదేళ్ళ వయసులో మదరసాకు వెళ్ళినప్పుడు మా కథ కూడా ఇదే. దాల్ మీద ఖల్ఖలా చేసి కొద్దిగా ప్రతిధ్వనింపజేయమంటే మా నోట నిండు ఉకారం పలికేది: 'అహదు'. నమాజు, మసీదు, రోజా అంటూ పెరిగిన నోరు అది, దానికి అచ్చు లేనిదే మాట పూర్తయినట్లుండదు. ఉర్దూ ఇళ్ళ నుండి వచ్చిన తోటివారు నవ్వేవారు. ఉస్తాద్ గారి బెత్తం నవ్వేది కాదు. అరబ్బీ అక్షరం ముందు తెలుగు బిడ్డ, జపాను బిడ్డ ఒకే బెంచీ మీది పిల్లలని చెబితే ఇక్కడి పెద్దలు వేళాకోళమనుకున్నారు. ఇప్పుడు మేము పిల్లలను అద్దం ముందు నిలబెట్టి, చివరి అక్షరం పలికాక పెదవులు కదలకుండా ఊపిరి ఆపమని నేర్పుతున్నాము. బెత్తం లేదు. ఈ దేశంలో దానికి చోటూ లేదు, మాకు దాని అవసరమూ కనబడలేదు.

మేము వారికి మఖ్రజులు నేర్పితే వారు మాకు చెప్పులు విడవడం నేర్పారు. గడప దగ్గర విడిచిన జోళ్ళను వెనుదిరిగి, వంగి, మునివేళ్ళు బయటికి ఉండేలా జతచేసి పెట్టి గానీ లోపలికి రారు. పెద్దలు జుమాకు వచ్చి విసిరేసిన జోళ్ళను కూడా ఏడేళ్ళ పిల్ల ఒకతె వరసగా సర్ది వెళుతుంది. బడిలో చీపురు, గుడ్డ పట్టి గదులు, వసారాలు తుడవడం ఇక్కడి పిల్లల దినచర్యలో భాగం. ఆ అలవాటునే పాఠం ముగిశాక మా మేడ మీదికి తెచ్చారు. తడిగుడ్డను రెండు అరచేతులతో నేలకు నొక్కి, నడుము వంచి, ఈ గోడ నుండి ఆ గోడకు పరుగు పందెం. ఉస్తాద్ గారు మాత్రం గద్దె మీద కూర్చొని చూడడం ఏమంత బాగుంటుంది? ఒకరోజు మేము కూడా గుడ్డ అందుకున్నాము. సగం దూరానికే నడుము పట్టేసింది. ఆ నవ్వులు ఇంకా మా చెవులలో ఉన్నాయి.

శుభ్రత విశ్వాసంలో సగమని చిన్ననాటి నుండి చదివి, చదివించినవారము కదా. అయినా సిగ్గుపడవలసిన ఉదయం ఒకటి వచ్చింది. ఇక్కడ చెత్త పారేయడానికి ఒక శాస్త్రమే ఉన్నది. కాలేది ఒకరోజు, కాలనిది ఒకరోజు, సీసాలు, డబ్బాలు, కాగితాలు వేరువేరు రోజులు. పురపాలక సంఘం నిర్ణయించిన సంచులలోనే కట్టి, ఆ రోజు ఉదయమే, ఎనిమిది గంటల లోపు, వీధి మూలన పెట్టి కాకులు పడకుండా వల కప్పాలి. ఆ మూలను వీధిలోని ఇళ్ళవారు వంతులవారీగా ఊడుస్తారు. రమజాన్‌లో వందమందికి ఇఫ్తార్ పెట్టి, తరావీహ్ ముగిసేసరికి అలసిపోయి, మనవారెవరో సంచులను రాత్రే తీసుకెళ్ళి పెట్టారు. వల సరిగా కప్పలేదు. ఫజ్ర్ తరువాత మేము బయటికి వచ్చేసరికి కాకులు సంచులు చీల్చి కోడి ఎముకలు, ఖర్జూరపు గింజలు వీధంతా చల్లి ఉన్నాయి. ఎదురింటి వృద్ధురాలు ఒంటరిగా ఊడుస్తున్నది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. మమ్మల్ని చూసి తిట్టలేదు. తలవంచి శుభోదయం చెప్పింది. తిట్టి ఉంటే మాకు కొంత ఊరట కలిగేది.

ఆ సాయంత్రం పెద్దపిల్లలు నలుగురిని వెంటబెట్టుకొని ఆమె గడపకు వెళ్ళి క్షమాపణ కోరాము. ఊడ్చే వంతుల పట్టికలో మా మసీదు పేరు లేదని అప్పుడు తెలిసింది. మేము అడగలేదు, వారు చెప్పలేదు. ఇప్పుడు ఉన్నది. మా వంతు వారంలో పిల్లలు పోటీపడి వస్తారు.

ఆమెను పిల్లలు 'ఒబాఆసన్' అంటారు, అంటే అమ్మమ్మ అన్నట్లు. మమ్మల్ని ఆమె 'సెన్సే' అంటుంది. గురువుకు ఇక్కడి గౌరవవాచకం అది. కొద్దిరోజులకు ఆమె అందంగా చుట్టిన బిస్కెట్ల డబ్బా తెచ్చి ఇచ్చింది. దుబాసీగా ఉన్న తొమ్మిదేళ్ళ పిల్లవాడు వెనుక ముద్రించిన పదార్థాల పట్టిక చూసి, ఆమె ముందే, ఇందులో పంది కొవ్వు ఉన్నది, మేము తినము అని చెప్పేశాడు. పిల్లవాడు చెప్పినది నిజమే. ఆమె ముఖం చిన్నబోయింది. ఈ దేశంలో ఆహారం విషయంలో విశ్వాసి కళ్ళద్దాలు లేకుండా దుకాణానికి వెళ్ళలేడు: రొట్టెలో షార్టెనింగ్ దేనిదో, మిఠాయిలో జెలటిన్ దేనిదో, వంటలో మిరిన్ అనే తీపి మద్యం కలిసిందో లేదో చూడాలి. కంజీ లిపిలో మేము మొట్టమొదట నేర్చుకున్న అక్షరం పందిని సూచించేదే. తిండి సంగతి సరే, ఇచ్చిన చేతిని నొప్పించకుండా ఎలా కాదనాలో మా కితాబులలో వెదుకుతూ ఆ రాత్రి గడిపాము.

ఆమె మాకంటే ముందే దారి కనుక్కొన్నది. శరత్కాలంలో తన పెరటి చెట్టు పండ్లు తెచ్చింది. 'కాకి' అంటారు, పేరు విని మా తెలుగు మనసు ఉలిక్కిపడ్డా, పండు తేనెలా ఉన్నది. ఆ తరువాత ఎప్పుడు పొట్లం తెచ్చినా, పదార్థాల పట్టికను భూతద్దంతో ముందే చదివి, అనుమానమున్న మాట కింద పెన్సిలు గీత పెట్టి తెస్తున్నది. గీత లేనివి పిల్లలకు, గీత ఉన్నవి మా విచారణకు.

ఒకరోజు పాఠం మధ్యలో ఆ చెప్పులు సర్దే పిల్ల అడిగింది: "సెన్సే, మా అమ్మమ్మ కలిమా చదవలేదు. స్వర్గంలో నాకు కనబడదా?" తల్లి ఇస్లాం స్వీకరించింది, తల్లి తల్లి స్వీకరించలేదు. మా చదువులో ఈ ప్రశ్నకు అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి, అవి మాకు తెలుసు. అవి చదివిన రోజుల్లో మా ముందు గ్రంథమే ఉన్నది, చెప్పులు సర్దే పిల్ల లేదు. తీర్పు అల్లాహ్‌దని, ఆయన కరుణకు మనం హద్దులు గీయలేమని, ఆమె కోసం హిదాయత్ దుఆ చేయడం మాత్రం మన చేతిలో ఉన్నదని చెప్పాము. పిల్ల తృప్తిపడలేదు. మేమూ పడలేదు. ఆ రోజు నుండి పాఠం చివరి దుఆలో ఆ పిల్ల 'ఆమీన్' అందరికన్న గట్టిగా వినబడుతున్నది.

కిందటి జనవరిలో మా మసీదు కట్టినవారిలో ఒక పెద్దాయన మరణించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. స్వస్థలం సిల్హెట్. పిల్లలందరికీ 'చాచా'. కర్మాగారంలో మూడు దశాబ్దాలు పనిచేసి, ఈ దుకాణం కొన్నప్పుడు గోడలకు స్వయంగా రంగు వేసిన మనిషి.

మన దగ్గర మయ్యిత్‌ను మట్టిలో పెట్టడానికి ఆలోచన ఉండదు, ఆత్రమే ఉంటుంది. ఇక్కడ 1948 నాటి చట్టం ప్రకారం మరణించిన 24 గంటల లోపు ఖననం గానీ దహనం గానీ చేయరాదు. పురపాలక కార్యాలయం అనుమతిపత్రం ఇవ్వాలి. అంతకన్న ముందు అసలు భూమి దొరకాలి. ఈ దేశంలో దాదాపు అందరినీ దహనమే చేస్తారు. ముస్లింలకు ఖననస్థలాలు దేశమంతటా కలిపి వేళ్ళ మీద లెక్కించగలిగినన్ని. దక్షిణాన ఓయితా ప్రాంతంలో బెప్పు పట్టణపు ముస్లింలు పక్కనున్న హిజీలో ఖబ్రస్తాన్ కోసం ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తున్నారు. తమ నీటికి హాని కలుగుతుందేమోనని స్థానికులు అభ్యంతరం చెప్పారు. వారి భయాన్ని ఎగతాళి చేయడం తేలిక. వాగునీటి మీద బతికే పల్లెలో పుట్టిన మాకు అది చేతకాలేదు.

మాకు పొరుగు ప్రాంతంలోని శ్మశానవాటికలో ముస్లింలకు కేటాయించిన మూల ఒకటి ఉన్నది. అయితే సిల్హెట్ నుండి అన్నగారు ఫోను చేసి, దేహాన్ని పంపమన్నారు. ఖర్చు తానే భరిస్తానన్నారు. తొంభై దాటిన తల్లి ఇంకా బతికే ఉన్నదన్నారు. ఇక్కడ భార్య, ఆయనను నేను వెళ్ళి రాగలిగినంత దూరంలో పెట్టండి అన్నది. మరో మాట అనలేదు. పెద్దలు మా వైపు చూశారు. మరణించినచోటనే ఖననం చేయడం మేలని, దూరదేశానికి తరలించడం అయిష్టమని మన ఫుఖహాలు రాసినదే మేము చెప్పాము. చెప్పడానికి నిమిషం పట్టింది. అది ఆ తల్లికి ఎవరు చెప్పాలన్న దగ్గర అందరూ తలలు వంచుకున్నారు.

మేమే ఫోను అందుకున్నాము. ఆమె బెంగాలీలో, మేము ఉర్దూలో. మధ్యలో అన్నగారు. మేము సిద్ధం చేసుకున్న మసాయిల్ ఏదీ ఆమెకు అవసరపడలేదు. చాలాసేపు ఏడ్చి ఒక్కటే అడిగింది: "నా బిడ్డను కాల్చరు కదా?"

కాల్చము తల్లీ, మట్టిలోనే పెడతాము, మా చేతులతో పెడతాము అన్నాము. రెండుసార్లు చెప్పించుకున్నది. తరువాత, అయితే అక్కడే ఉండనివ్వండి అన్నది.

జనాజా నమాజుకు వలీ అయిన పెద్దకుమారుణ్ణి ముందు నిలబెట్టాము. పదహారేళ్ళవాడు, మా దగ్గర ఖాయిదా నుండి చదివినవాడు. ఒబాఆసన్ నల్లని దుస్తులలో వచ్చి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది. ఆ హడావిడిలో ఎవరి జోళ్ళు ఎక్కడున్నాయో తెలియని స్థితి. ఆమె కింద కూర్చొని ఒక్కొక్క జతే వెదికి, మునివేళ్ళు బయటికి పెట్టి సర్దుతున్నది. అబ్బాయి తక్బీర్ చెప్పాడు. ఆరేళ్ళు దిద్దిన నోరు ఆ రోజు మొదటికి వచ్చింది: "అల్లాహు అకుబారు". నాలుగు తక్బీర్లూ అలాగే. కలిపి చదివేటప్పుడు 'అక్బరు' అనడం వ్యాకరణానికి విరుద్ధమేమీ కాదు, ఆగేటప్పుడు మాత్రం ఆ ఉకారం పలకరాదు. ఈ మాట మేము ఆ అబ్బాయికి ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. ఆ రోజు చెప్పలేదు, తరువాతా చెప్పలేదు.

మట్టి ఇచ్చేసరికి ఎండుగాలి లేచింది. తిరిగి వచ్చిన రాత్రి మా ఇంటావిడ ఊరి నుండి ఫోనులో అంతా విని, కాసేపు ఊరుకొని, "మరి మీ సంగతేమిటండీ?" అన్నది. జవాబు చెప్పడానికి మాకు మూడు రోజులు పట్టింది. మా మసీదులో చాలామంది నివాసకార్డుతో పాటు ఒక కాగితం దగ్గర ఉంచుకుంటారు. నేను ముస్లింను, మరణిస్తే దహనం చేయవద్దు, ఫలానా మసీదుకు తెలియజేయండి అని జపాను భాషలో. మేము అప్పటివరకు రాసుకోలేదు. పిల్లల నోటుపుస్తకం చూసి మా చేతులతోనే రాసి, తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని ఎదురింటికి తీసుకెళ్ళాము.

ఆమె భూతద్దం పెట్టి చదివింది. ఏమీ అడగలేదు. 'దహనం' అన్న మాటలో ఒక గీత తక్కువైందని చూపింది. లోపలికి వెళ్ళి మందపాటి తెల్లకాగితం, కుంచెకలం తెచ్చుకొని, మొత్తం మళ్ళీ తన చేతితో నిదానంగా రాసింది. పేరు దగ్గర ఖాళీ వదిలి కలం మా వైపు తిప్పింది.